కట్టడం మరిచిన ఎర్ర పోగు

ఫ్రెంచి నుంచి జర్మన్‌లోకి మార్చి రాసే మనిషి కోసం మా ఇంట్లో రోజుల తరబడి వెతికాం. ఇల్లు సూరత్ పర్వత్ పాటియాలో, మూడో అంతస్తులో రెండు గదులు. ఉండేది ముగ్గురం: నేను, నా బిడ్డ, బిడ్డ బిడ్డ. ముగ్గురిలో ఒక్కరికీ ఫ్రెంచి రాదు. జర్మన్ సంగతి అడగనే వద్దు. అయినా వెతికాం. రాని భాషలతో బతకడం మాకు కొత్త కాదు. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి సూరత్ స్టేషన్లో దిగిన నాటికి నాకు గుజరాతీ ఒక్క ముక్క తెలియదు. మర్నాటికి సాంచె ముందు నిలబడి ఉన్నాను. సాంచె అంటే మరమగ్గం. ఆ మాట మా వైపూ అదే, ఇక్కడా ఇంచుమించు అదే. ఈ ఊళ్ళో నాకు మొదట అర్థమైన మాట కూడా అదే.

నా మనవరాలు కామ్‌రేజ్ దగ్గర, హైవే పక్కన ఒక కంపెనీలో పని చేస్తుంది. వాళ్ళు భుజాల మీద వేసుకునే స్టోళ్ళు, వంటింటి తువ్వాళ్ళు, దిండు గలీబులు తయారు చేసి ఫ్రాన్సుకు పంపుతారు. అక్కడ ఒకే పేరుతో ఊరూరా దుకాణాలున్న ఒక పెద్ద వ్యాపారి వాటిని అమ్ముతాడు. ఆ వ్యాపారి ఇప్పుడు జర్మనీలోనూ దుకాణాలు తెరుస్తున్నాడు. అంటే ప్రతి వస్తువుకూ వేలాడే చీటీ జర్మన్‌లో కావాలి: ఇది ఏ గుడ్డ, ఎట్లా ఉతకాలి, ఎట్లా ఇస్త్రీ చేయాలి, ఎందుకు కొనాలి.

ఆ పని కంపెనీ సేఠ్ నా మనవరాలికి అప్పజెప్పాడు. అది చేరి అయిదు నెలలే అయింది. ఆరో నెల నిండేలోగా దాన్ని పక్కా చేస్తారో ఇంటికి పంపుతారో తేలాలి. “జర్మనీ మాలు సరిగ్గా వెళ్తే ఆ టేబులు నీదే బేన్” అన్నాడట సేఠ్. వెళ్ళకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఇది అడగలేదు.

మొదటి రోజు సాయంత్రం అది ఒక ఫ్రెంచి చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. గుజరాతీ చెరుకురసం బండ్ల మీద నేర్చుకున్నాను, హిందీ గోడపత్రికల మీద, ఇంగ్లీషు నూలు పెట్టెల మీద. చేతికి ఏ కాయితం దొరికినా చదవకుండా వదలను. చీటీని అటూ ఇటూ తిప్పాను. అక్షరాలన్నీ ఇంగ్లీషువే, మాటలు మాత్రం ఒక్కటీ అంతు చిక్కలేదు. ఒక్క 30 తప్ప.

“గీ ముప్పై ఏంది?”

“ముప్పై డిగ్రీల నీళ్ళల్ల ఉతకాలె అని తాతా. రేయాన్ గదా, నీళ్ళు జర వేడైనా ముడుచుకపోతది.”

“మరి ఇంగ్లీషు చీటీ ఉంటది గదా? దాన్ల నుంచి జర్మన్ చేయించు. ఇంగ్లీషొచ్చినోళ్ళు గల్లీకొకరు ఉంటరు.”

“ఇంగ్లీష్ వాలా సేఠ్ భత్రీజా, గదే అన్న కొడుకు, రాసిండు. అది ఇంగ్లీషేనా అని నాకే డౌట్. దుకాణపోళ్ళు ఏమంటున్నరంటే, ఫ్రెంచ్ల ఏమున్నదో అదే జర్మన్ల రావాలె, బీచ్ మే, నడుమల, ఇంకో భాష ఉండొద్దు అని.”

ఆ మాట నాకు నచ్చింది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయేది మూడో చేతిలో పడితే ఏదో ఒకటి రాలకుండా ఉండదు.

“ఫోన్ల పెడితే చిటికెల చేస్తదట గదనే?” అంది నా బిడ్డ వంటింట్లోంచి.

చేసింది కూడా. మనవరాలు చీటీని ఫోన్‌కు చూపించింది, నేను కళ్ళు మూసి తెరిచేలోగా జర్మన్ వచ్చేసింది. కానీ దుకాణం వాళ్ళకు అది చాలదు. ఒక మనిషి చదివి, నాది పూచీ అని సంతకం పెట్టాలి. ఈ కాలంలో కూడా మనిషి సంతకం అడిగేవాళ్ళున్నారని విని నాకు ఆ ఫ్రాన్సు వ్యాపారి మీద కొంచెం గౌరవం కలిగింది.

వెతుకులాట మొదలైంది. ఢిల్లీ నుంచి ఒక కంపెనీ వాడు ఫోన్లో దొరికాడు. యాభై భాషలు తన దగ్గరున్నాయన్నాడు, ఏది కావాలన్నా సాయంత్రానికల్లా అన్నాడు. జిలేబీ తూచినట్టు భాష తూచే వాణ్ణి నేనెన్నడూ చూడలేదు. నా ఒళ్ళు మండింది. పాండేసరా మరమగ్గాల షెడ్లలో ఒరియా వాళ్ళు, మరాఠీ వాళ్ళు, బిహారు వాళ్ళు, మా తెలుగు వాళ్ళు ఒకే కప్పు కింద నిలబడి పని చేసేవాళ్ళం. గుజరాతీ నోటీసు గోడకెక్కితే నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, హిందీలో ఇంకొకరికి చెప్పేవాణ్ణి, వాళ్ళు ఒరియాలో ఇంకొకరికి. దాన్ని పని అన్నవాడు ఒక్కడు లేడు. మాట ఒక్కటి అటూ ఇటూ అయితే మాత్రం నా గల్లా పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వీడు ఏసీ గదిలో కూర్చుని యాభై అంటున్నాడు!

రెండోవాడు ముంబయి కుర్రవాడు. రెండు భాషలకూ సర్టిఫికెట్లున్నాయి, ఫోటోలు పంపాడు. మాట మెత్తగా ఉంది. మనవరాలికి అతని మీద గురి కుదిరింది.

మూడో మనిషి మా కింది అంతస్తు నుంచి దొరికింది. అక్కడ యానాం నుంచి వచ్చి స్థిరపడిన ఒక బ్యాంకు రిటైర్డ్ ఆఫీసరు ఉంటాడు. సాయంత్రాలు గేటు పక్కన బెంచీ మీద ఇద్దరం కూర్చుంటాం. ఆయన గోదావరి మాట నాకు పాకంలా అనిపిస్తుంది, నా మాట ఆయనకు కారంలా అనిపిస్తుందట. ఈ వెతుకులాట సంగతి విని ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

“ఏవండీ పెద్దాయనా, ఫ్రెంచి కావాలంటే ఢిల్లీ దాకా పోయారు గానీ, మెట్లు దిగి యానాం వాణ్ణి నన్నడగలేకపోయారా?”

“నీకొస్తదా ఫ్రెంచి?”

“నాకు రాదండీ. మా తాతగారికి వచ్చేది.”

“మీ తాత ఉన్నడా ఇప్పుడు?”

“ఆయనే ఉంటే రోజూ మిమ్మల్ని ఎందుకండీ భరిస్తాను?”

నవ్వాక అసలు సంగతి చెప్పాడు. ఆయన పుదుచ్చేరి బ్రాంచిలో ఉన్నప్పుడు ఒక జర్మనీ ఆవిడ కౌంటరుకు వచ్చేదట. ఆవిడ పుట్టిన ఊరు నది ఒడ్డున. వంతెన దాటితే ఫ్రాన్సు. పెళ్ళి కాకముందు ఆ ఊళ్ళో కర్టెన్ల గుడ్డలు అమ్మే దుకాణంలో పని చేసింది. సగం బేరాలు వంతెన అవతలి నుంచి వచ్చేవి కనుక ఫ్రెంచిలో అమ్మడం, జర్మన్‌లో లెక్క రాయడం ఆవిడకు అక్కడే అలవాటైంది. తర్వాత పుదుచ్చేరి మనిషిని పెళ్ళాడి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఇలాంటి పనులే చేస్తుంది.

“ఒకటి చెప్తున్నానండీ, ముందే. ఆవిడతో వేగడం కష్టం. మేం ఫారాలు ఇస్తే అందులో తప్పులు దిద్ది మాకే తిరిగిచ్చేది, మహాతల్లి. మా మేనేజరు గారు ఆవిడ వస్తోందంటే లోపలికెళ్ళి కూర్చునేవారు.”

నాకు ఆవిడ అప్పుడే నచ్చేసింది.

ముగ్గురు దొరికారు. ఎవరికివ్వాలి? మనవరాలు తల పట్టుకు కూర్చుంది. “ఎట్ల తెలుస్తది తాతా ఎవలు మంచిగ జేస్తరో? నాకు ఆ భాషా రాదు, ఈ భాషా రాదు.”

“నీకు నేత రాకున్నా నేతగాణ్ణి పట్టొచ్చు బిడ్డా. చెప్త విను” అన్నాను.

మా షెడ్లలో కొత్తవాడు పనికి వస్తే మాస్టరు వాణ్ణి ఏ ఊరని అడిగేవాడు కాదు, ఎన్నేళ్ళు చేశావని అడిగేవాడు కాదు. నడుస్తున్న సాంచె దగ్గరికి వెళ్ళి, ఎవరూ చూడకుండా పడుగులో ఒక్క పోగు తెంపేవాడు. తర్వాత కొత్తవాణ్ణి దాని ముందు నిలబెట్టి తాను బీడీ ముట్టించేవాడు. తెగిన పోగును చూడకుండా నడిపిస్తూ పోతే గుడ్డ మీద గీత పడుతుంది. గీత పొడుగవుతున్నా చకచకా నేసేవాడు ఉంటాడు, చూసి కూడా నాకెందుకులే అని నేసేవాడూ ఉంటాడు. ఇద్దరినీ పంపించేసేవాడు. సాంచె ఆపి, వెనక్కి వెళ్ళి, తెగిన కొస వెతికి ముడి వేసినవాడికే పని. నేనూ అట్లా ఆపినవాణ్ణే.

“అయితే మనం చీటీల పోగు తెంపుదాం” అన్నాను.

దాని కంప్యూటరులో చీటీలన్నీ వరసగా ఒకే జాబితాలో ఉన్నాయి. రేయాన్ స్టోల్ చీటీ తీయించాను. ముప్పైలో మూడు తుడిచి తొమ్మిది పెట్టమన్నాను.

“ఆ తో చీటింగ్ ఛే, తాతా!” కోపమొస్తే దానికి గుజరాతీ వస్తుంది.

“చీటింగ్ కాదు, పరీక్ష. తొంభై డిగ్రీలంటే మరిగే నీళ్ళే గదా. గుడ్డ తెల్సినోళ్ళు ఆగుతరు. తెల్వనోళ్ళు పోతనే ఉంటరు.”

అది వేలు కదపలేదు. నేనే నొక్కాను. ఆ ఒక్క చీటీని ముగ్గురికీ పంపింది.

ఢిల్లీ నుంచి నాలుగు గంటల్లో వచ్చింది. అందమైన కాయితం, పైన రంగుల ముద్ర. ముంబయి కుర్రవాడిది మర్నాడు పొద్దున వచ్చింది. నేను కళ్ళజోడు పెట్టుకుని రెండూ చూశాను. రెండింట్లోనూ 90 చెక్కు చెదరకుండా కూర్చుని ఉంది.

“ఇద్దరూ పనికిరారు” అన్నాను.

“నీకు జర్మన్ ఎప్పుడొచ్చె బాపూ?” అంది నా బిడ్డ నడుము మీద చేతులేసుకుని.

“జర్మన్ రాదు. అంకె వచ్చు.”

పుదుచ్చేరి నుంచి ఏమీ రాలేదు. రెండో రోజు మేం అన్నం తింటుంటే ఫోను మోగింది. మనవరాలు అందరికీ వినపడేట్టు పెట్టింది. ఆవిడ ఇంగ్లీషు గట్టి చేతులతో గుడ్డ మడత పెట్టినట్టుంది.

“ఈ చీటీ ఎవరు రాశారు? నేనింకా మొదలుపెట్టలేదు. రేయాన్‌ను తొంభైలో వేస్తే అది బొమ్మకు కట్టే గుడ్డ అవుతుంది. తప్పు ఫ్రెంచిలోనే ఉంది. అది తేలేదాకా నేను ఒక్క మాట రాయను.”

“సాంచె ఆపింది!” అని నేను అరిచాను. ముద్ద చేతిలోనే ఉంది.

“ఎవరా అరిచేది?”

“మా తాత మేడమ్.”

“ఏమంటున్నారు?”

“మీరు మిషన్ ఆపారట.”

“ఏ మిషన్?” అందావిడ, అనుమానంగా. మనవరాలు నవ్వు ఆపుకుంటూ, అది ముప్పై అనీ పొరపాటు పడిందనీ క్షమించమనీ చెప్పింది. పరీక్ష అని చెప్పలేదు. నేనే చెప్పొద్దని సైగ చేశాను. మాస్టరు ఏనాడూ చెప్పేవాడు కాదు.

పని ఆవిడకే వెళ్ళింది. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రశ్నల వాన. స్టోల్ ఆడవాళ్ళకేనా, మగవాళ్ళు కూడా వేసుకుంటారా? కుచ్చులు చేత్తో పేనినవా, మిషను మీదివా? తువ్వాలు గిన్నెలు తుడిచేదా, చేతులు తుడుచుకునేదా? అక్కడి దుకాణాల్లో ఆ రెండూ వేర్వేరు అరల్లో ఉంటాయట. మాట మారితే అర మారుతుంది, అర మారితే వెతికేవాళ్ళకు దొరకదు.

సేఠ్ విసుక్కున్నాడట. “చేతులు తుడుచుకో, పళ్ళెం తుడుచుకో, టువాల్ తో టువాల్ ఛే! ఆమెకు పని ఇచ్చింది రాయడానికా, అడగడానికా?”

ఆ మాట విని నాకు రెండు పూటలు అన్నం సయించలేదు. అడగడమే పని అని ఈ సేఠ్‌లకు ఎప్పుడు తెలుస్తుంది? కుచ్చుల ప్రశ్నకు నేనే జవాబు చెప్పాను: చేత్తో పేనినవే, వడోద్ బస్తీ ఆడవాళ్ళు ఇళ్ళల్లో పేనుతారు, నాకు తెలుసు. ఆవిడ ఆ మాట కూడా చీటీలో చేర్చవచ్చా అని దుకాణం వాళ్ళను అడిగించింది. వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు.

ఇంకోసారి, దిండు గలీబు చీటీలో ఫ్రెంచి వాళ్ళు మెత్తదనం గురించి మూడు పొగడ్తలు రాశారట. “మా వాళ్ళకు ఒక్కటి చాలు. మూడు చెప్తే అనుమానిస్తారు. రెండు తీసేయనా? మీరు సరేనంటేనే” అని అడిగింది.

నాకు చెవులు వేడెక్కాయి. వయసులో ఉన్నప్పుడు నేను షెడ్డు వాళ్ళందరికీ ఉత్తరాలు రాసి పెట్టేవాణ్ణి. ఒక సావాసగాడు పెళ్ళానికి రాయించేది ఎప్పుడూ ఒకటే: బాగున్నాను, పంపింది ముట్టిందా, గొడ్డు ఈనిందా. నాకు జాలేసింది. ఒకసారి చివర్న, వెన్నెల్లో నువ్వే కనబడుతున్నావు అని వాడికి చెప్పకుండా కలిపాను. జవాబు నేనే చదివి వినిపించాల్సి వచ్చింది: “గీ ఉత్తరం రాసిందెవడు? నా మొగడు గిట్ల మాట్లాడేటోడు కాదు. వాడు మంచిగున్నడా, ఏమన్న అయ్యిందా?” సావాసగాడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. కలిపేముందు అడగాలని నాకు ఆనాడు ఎవరూ చెప్పలేదు. ఆ పుదుచ్చేరి అమ్మ ఎవరూ చెప్పకుండానే అడుగుతోంది.

చీటీలన్నీ దాదాపు అయిపోయాయి. జర్మనీ మాలుతో పాటు ఫ్రాన్సుకు కొత్త సీజను మాలు కూడా ఒకే లారీలో బయల్దేరాలి. దానికి రెండు రోజులుందనగా ఆవిడ ఒక ఫోటో అడిగింది. జర్మన్ మాటలు పొడుగు, చీటీ మీద చోటు ఎంతుందో అచ్చయిన ఫ్రెంచి చీటీ చూస్తే తెలుస్తుందంది. మనవరాలు మధ్యాహ్నం ప్యాకింగ్ హాల్లో ఒక స్టోల్ తీసి ఫోటో పంపింది. పది నిమిషాల్లో ఆవిడ ఫోను.

“మీ అచ్చులో తొంభై ఉంది.”

మనవరాలు సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పుల్తోనే నేల మీద కూర్చుంది. అది చెప్పింది ఇదీ. నేను తొమ్మిది నొక్కింది అసలు జాబితాలోనే. పరీక్ష అయ్యాక దాన్ని మళ్ళీ మూడు చేయడం ఇద్దరం మరిచాం. జర్మన్‌లో ఆవిడ ముప్పై అనే రాసింది, ఎందుకంటే అడిగి తెలుసుకుంది. కానీ కొత్త సీజను ఫ్రెంచి చీటీలు అచ్చుకు వెళ్ళింది ఆ జాబితా నుంచే. ఫ్రెంచి ఎప్పటినుంచో ఉన్నదే కదా అని ఎవరూ చదవలేదు. రేయాన్ స్టోళ్ళన్నిటికీ తొంభై కట్టి, పెట్టెల్లో సర్దేశారు.

మాస్టరు కథలో రెండో సగం నాకు అప్పుడు గుర్తొచ్చింది. పోగు తెంపిన మరుక్షణం ఆయన జేబులోంచి ఒక ఎర్ర పోగు తీసి, అక్కడే గుడ్డ అంచుకు ముడి వేసేవాడు. ఇక్కడ తెంపింది నేను, నేతగాడి తప్పు కాదు అని దానర్థం. గుడ్డ మడత పెట్టేచోట ఆ ఎర్ర పోగు కనబడితే ఆగి, గీత పడ్డ మేర కత్తిరించి పక్కన పెట్టేవాళ్ళు. ఎర్ర పోగు కట్టకుండా మాస్టరు అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. తెంపడం గొప్పగా కనిపించింది కనుక యాభై ఏళ్ళుగా నాకు అదే గుర్తుంది. కట్టడం గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మనవరాలితో కంపెనీకి బయల్దేరాను. ఆటోలో కామ్‌రేజ్ దాకా కొట్లాటే.

“నువ్వేం మాట్లాడకు తాతా. నా ఫైల్, నా గల్తీ.”

“వేలు నాది.”

“లాప్‌టాప్ నాది.”

“ఉపాయం నాది గదనే!”

“ఉపాయం మంచిదే తాతా. మంచి మనిషి దొరికింది గదా. నువ్వు గమ్మున కూసో.”

ఆ మాటకు నాకు ఇంకా కోపమొచ్చింది. తిడితే బాగుండేది.

సేఠ్ గదిలోకి అదే ముందు వెళ్ళింది. నేను తలుపు దగ్గరికి చేరేసరికి మొత్తం తన మీద వేసుకుని చెప్పేసింది. సేఠ్‌కు యాభై ఏళ్ళుంటాయి. తండ్రి నాటి సాంచెలు అమ్మేసి ఈ కంపెనీ పెట్టాడు. ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

“అబద్ధం చెప్తోంది సేఠ్” అన్నాను హిందీలో. “పోగు తెంపింది నేను.”

సేఠ్ తల ఎత్తాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేనేం చేశానో, ఎందుకు చేశానో మొత్తం చెప్పాను. పరీక్ష దాకా విన్నప్పుడు ఆయన మీసం కొంచెం కదిలింది. అయిపోయాక ఒక్కటే అడిగాడు.

“లాల్ దోరో క్యాఁ ఛే, కాకా?”

ఎర్ర పోగు ఏదీ అని. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారని నేననుకోలేదు.

“మా బాపూజీ నాతో మొదట చేయించిన పని అదే” అన్నాడు. “మాస్టరు వెనకాల ఎర్ర దారం పట్టుకుని తిరగడం. మీకు తెలిసి కూడా కట్టలేదా?”

“మరిచిన.”

“హం.”

“తప్పు నాది. నౌకరీ దానిది. నా తప్పుకు దాని నౌకరీ తీస్తే అది న్యాయం కాదు సేఠ్. నేను సూరత్‌ల న్యాయం చాలా చూసిన. గిది గాదు.”

“తీస్తానని ఎవరన్నారు కాకా? ఉంచుతాననీ అనలేదు. ముందు లారీ. తర్వాత మాట.” ఆయన లేచాడు. “చీటీలు సాయంత్రానికి అచ్చయి వస్తాయి. పెట్టెలు విప్పాలి, పాతవి కోయాలి, కొత్తవి కట్టాలి. మీ చేతులు పనిచేస్తాయా ఇంకా?”

ఆ దుకాణం వాళ్ళకు ప్లాస్టిక్ కొక్కేలు పనికిరావు. చీటీని నూలు దారంతో కట్టాలి, చేత్తో. మధ్యాహ్నమంతా హాల్లో ఆడవాళ్ళు పాత చీటీలు కోశారు. కొత్తవి రాగానే ముందు ఒకటి ఫోటో తీసి పుదుచ్చేరికి పంపించాను. ఆవిడ చూసి సరే అనేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ ఫోన్లోనే మనవరాలు ఆవిడకు పరీక్ష సంగతి కూడా చెప్పేసింది. ఆవిడ కోప్పడుతుందని భయపడ్డాం.

“మా దుకాణంలో యజమాని కొత్తగా చేరిన పిల్లలు కనిపెడతారా లేదా అని కావాలనే పొట్టి కొలకర్ర ఇచ్చేవాడు” అంది ఆవిడ. “మీ తాతకు చెప్పండి, ఆ కర్ర మీద గుర్తు ఉండేదని. చివర ఆకుపచ్చ రంగు. మాకు అది తర్వాత చెప్పేవాడు.”

అంత దూరాన నది ఒడ్డునా ఒక మాస్టరు ఉన్నాడన్నమాట. వాడూ గుర్తు పెట్టడం మరవలేదు.

కూర్చుని కట్టడం మొదలుపెట్టాను. చీటీ రంధ్రంలోంచి దారం, కుచ్చు వెనకనుంచి దారం, ముడి. పడుగుకు వేసే ముడి. రెండు వేళ్ళ మధ్య పుడుతుంది, లాగితే బిగుస్తుంది. వేసి ఎన్నేళ్ళయిందో. మొదటి పది వంకరగా వచ్చాయి, తర్వాత వేళ్ళు వాటంతటవే దారి వెతుక్కున్నాయి. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఒకటి కట్టేలోగా నేను మూడు కడుతున్నాను.

“కాకా, ధీరే! మా పేరు పోతది” అంది ఒకామె. ఆమెకు ముడి నేర్పాను. ఆమె ఇంకొకామెకు నేర్పింది.

ప్రతి చీటీనీ కట్టేముందు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాను. ఫ్రెంచి నాకు రాదు. ముప్పై వచ్చు. ముప్పై, ముడి. ముప్పై, ముడి.

మర్నాడు మధ్యాహ్నం లారీ బయల్దేరింది. అది హైవే ఎక్కి మలుపు తిరిగేదాకా సేఠ్ గేటు దగ్గర నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళి, కుట్టు మిషను మీదున్న ఎర్ర దారం కోను ఒకటి తీసి తెచ్చి మనవరాలి చేతిలో పెట్టాడు.

“టేబులు మీద పెట్టుకో.”

“ఏ టేబులు, సేఠ్?”

“జర్మనీ టేబులు. ఇంకే టేబులుంది నీకు?”

ఆటోలో అది కోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొంత దూరం పోయాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. “నోటి మాటతోని ఏమైతది? కాయితం మీద రాసియ్యమనక పోతివి” అన్నాను.

“ఇస్తడు తాతా. జర ఆగు.” తర్వాత నా వైపు తిరిగింది. “సగం చెప్పి ఇడిచిపెట్టిన ముచ్చట్లు గిట్లనే ఇంకెన్నున్నయి నీ తాన?”

ఆలోచించాను. లెక్క తేలలేదు.

“చానా ఉన్నయి బిడ్డా.”

“ఇగ మీద చెప్తే మొత్తం చెప్పు. లేకుంటే చెప్పకు.”

అందుకే దీన్ని మాత్రం, తెంపింది ఎవరో, కట్టంది ఎవరో, దేన్నీ దాచకుండా చివరిదాకా రాశాను.